నడిచే పిట్ట

“అన్నీ పిచ్చుకలే కదా, అందులో చూడ్డానికేముంది?” అన్నారు మావారు మంగళవారం పొద్దున, సాక్సులు వెతుక్కుంటూ. సింకు దగ్గర బియ్యం కడుగుతూ కిటికీలోంచి పెరట్లోకి చూసి, గుంపులో ఒకటి తేడాగా ఉందండీ, మిగతావన్నీ గెంతుతుంటే ఇదొక్కటే నడుస్తోంది అని నేను చెప్పినందుకు వచ్చిన జవాబది. నిజంగానే నడుస్తోంది. అడుగు తర్వాత అడుగు, తలాడించుకుంటూ. కంటి మీద లేతరంగు గీత, ఎగిరితే తోకకి రెండు పక్కలా తెలుపు. ఇదంతా చెప్పాను. “షికారుకొచ్చిందేమోలే. సాక్సులెక్కడ?” అన్నారు. ఆయన కూర్చున్న కుర్చీ వీపు మీదే ఉన్నాయి. తీసిచ్చాను.

మా ఇంట్లో పక్షుల మనిషి ఆయన, నేను కాదు. మూరెడు లెన్సున్న కెమెరా ఆయనది, బైనాక్యులర్స్ ఆయనవి, ఆదివారం ఆదివారం చెరువు గట్టుకి వెళ్ళే గ్రూపు ఆయనది. బూట్ల బురద నాది. పెరటి పక్షుల కోసం ఆయనకో నోటుపుస్తకం ఉంది. అందులో ప్రతిరోజూ ఒకే వాక్యం: ‘ఏడూ ఇరవైకి పిచ్చుకల గుంపు వచ్చింది.’ వాన పడినా ఏడూ ఇరవయ్యే, మంచు పట్టినా ఏడూ ఇరవయ్యే. ఈ కచ్చితత్వం గురించి గ్రూపులో పెద్ద వ్యాసమే పెట్టారు, వెలుతురనీ గాలి వేడనీ ఏవేవో కారణాలు చెప్పి. ఏడూ ఇరవైకి నేను వెనక తలుపు గడియ తీసి రెండు గుప్పెళ్ళ నూకలు చల్లుతానన్న ముక్క మాత్రం అందులో లేదు. కావాలని దాచలేదు పాపం, ఆయనకి తెలీదు. ఆ టైముకి స్నానంలో ఉంటారు, కిచకిచలు విని టైము రాసుకుంటారు. బయటికొచ్చేసరికి బల్ల మీద టిఫిను ఉంటుంది, పెరట్లో పిచ్చుకలుంటాయి.

నాకు తేడా ఎందుకు కనిపించిందంటే, నా ఉద్యోగమే అది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. మైక్రోస్కోపు కింద వేల కణాలు ఒక్కలాగే ఉంటాయి. వాటిలో ఒకటి వంకరగా ఉంటే పట్టుకోవాలి. పట్టుకున్నాక దాని దగ్గర మార్కరుతో చిన్న సున్నా చుడతాను. డాక్టరుగారొచ్చి సున్నాలోకి చూసి సంతకం పెడతారు. ఆయనది డేగచూపు అని ఊరంతా చెప్పుకుంటారు. నేనూ అదే చెప్తాను, ఇంకేం చెప్పను, జీతం ఇచ్చే మనిషాయె.

గురువారం ఆ పిట్ట మావారి కెమెరాకి చిక్కింది. సాయంత్రానికల్లా గ్రూపులో ఫోటో. ‘మా పెరట్లో నా కంటపడిన అరుదైన అతిథి, తోటి పిచ్చుకల్లాగే చలాకీగా గెంతుతోంది’ అని రాశారు. కింద పొగడ్తలే పొగడ్తలు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే కాబోలు. అది గెంతదండీ, నడుస్తుందని మంగళవారమే చెప్పాను కదా అన్నాను. కోప్పడితే బాగుండేది. చిన్నపిల్ల ముద్దుమాట విన్నట్టు నవ్వి ఊరుకున్నారు. ఒళ్ళు మండింది నాకు.

ఆ పొగడ్తల్లో అన్నిటికంటే పైన మేడమ్‌ది. మేడమంటే కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఆవిడ, ఆ గ్రూపుకి పెద్ద. ఆవిడ కళ్ళారా చూసి ఒప్పుకుంటేనే కొత్త పిట్ట జాబితాకెక్కుతుంది, దాని పక్కన మొదట చూసినవాళ్ళ పేరెక్కుతుంది. లేకపోతే కొట్టివేతే. ఆదివారం పొద్దున మన ఇంటికొస్తున్నారు అని ఆయన ప్రకటించారు. ఆ పేరెక్కడం కోసం ఆయన ఎనిమిదేళ్ళుగా చెరువుల వెంట తిరుగుతున్నారు.

ఏడాదిగా మా ఇంట్లో మేడమ్ నామస్మరణ జరుగుతోంది. మేడమ్ ఏమన్నారంటే, మేడమ్ అయితేనా. “ఆవిడకెంత ఓపికో తెలుసా, రెండు గంటలు కదలకుండా కూర్చుని చూస్తారు” అంటారు. నేను రెండు గంటలు కదలకుండా కూర్చుంటే ఇంట్లో అందరూ జ్వరమా అని అడుగుతారు, అన్నం సంగతేమిటన్న అర్థంలో. అత్తగారైతే, ఆడది పిట్టల వెంట పడి తిరగడమేంటమ్మాయ్ అని ఒకపక్క మూతి తిప్పుతూనే, అయినా తెలివైంది, మనలా కాదు అని ఇంకోపక్క నిట్టూరుస్తారు. ఆ ‘మన’లో నన్నెందుకు కలిపారో అడగాలనిపిస్తుంది.

శనివారం ఆయన పెరట్లోకి రెండు కుర్చీలు తీసుకెళ్ళి సబ్బు పెట్టి కడిగారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన చేతిలో సబ్బుగుడ్డ చూడ్డం అదే మొదలు. కాళ్ళు కూడా తుడిచారు, కుర్చీల కాళ్ళు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. దాచుకోవడమెందుకు, అసూయే. ల్యాబులో భోజనాల వేళ ఫోన్లో ఆవిడ ఫోటోలన్నీ తిరగేశాను. చిన్నపిల్లయినా కొంత నయంగా ఉండేది. నా వయసే. జుట్టు నెరిసింది, రంగు కూడా వెయ్యలేదు. అంత ధీమా ఎక్కడ దొరికిందో మహాతల్లికి!

ఆదివారం ఏడు కాకుండానే వచ్చిందావిడ, మోకాళ్ళ దగ్గర మాసిన ప్యాంటుతో. ఆయన టీ కప్పులు స్వయంగా మోసుకెళ్ళారు. “ఏడూ ఇరవైకి వస్తాయండీ, గడియారం పెట్టుకున్నట్టు” అని చెప్పడం వంటింట్లోకి వినిపించింది.

ఏడూ ఇరవై అయింది. నేను గడియ తియ్యలేదు.

ఎందుకు తియ్యలేదంటే తియ్యబుద్ధి కాలేదు. చూస్తాను, ఈ పూట ఏ వెలుతురొచ్చి మేపుతుందో అనుకున్నాను. పిచ్చుకలు గోడ మీదికొచ్చి కాసేపు కిచకిచమన్నాయి. తలుపు వంకా చూశాయి, కుర్చీల వంకా చూశాయి, ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. ఏడున్నర, ఎనిమిది. ఆయన రెండుసార్లు లోపలికొచ్చి ఏమైందంటావు వీటికి అని నన్నడిగారు. నేను తేలు కుట్టిన దొంగలా గిన్నెలు తోముతూ, నాకేం తెలుసు అన్నాను. ఆయన మొహం వాడిపోతుంటే ముందు సంతోషంగానే ఉంది. తర్వాత అంత సంతోషంగా ఏమీ లేదు. పిట్ట గుర్తొచ్చింది. ఎంత దూరంనుంచి వచ్చిందో, దాన్ని పస్తుంచి నేను సాధించేదేంటని.

ఎనిమిదింపావుకి ఆవిడ ఖాళీ కప్పులతో వంటింట్లోకొచ్చింది. ఆయన గోడవతల వెతుకుతున్నారు. కప్పులు అక్కడ పెట్టేసి పోక, నా పక్కన నిలబడి కిటికీలోంచి చూసి, “ఇక్కడినుంచి పెరడంతా కనిపిస్తుందే” అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. “మీరెప్పుడైనా చూశారా దాన్ని? ఫోటోలో నడక తెలీదు కదండీ. సారు గెంతుతోందని రాశారు. గెంతేదైతే మామూలు పిచ్చుకే, రంగు తేడా అంతే. ఇవాళ కనబడకపోతే కొట్టేయాల్సిందే.”

నాకేం తెలుసండీ అన్న మాట నాలిక చివరే ఉంది. నడుస్తుందని చెప్తే పిట్ట జాబితాలో బతుకుతుంది, పేరు ఆయనకెళ్తుంది. చెప్పకపోతే ఆయన పేరూ పోతుంది, పిట్టా పోతుంది. ఆవిడ నా జవాబు కోసం తొందరపెట్టలేదు. మోచేతులు సింకు గట్టుకి ఆనించి బయటికి చూస్తూ ఉండిపోయింది. పొయ్యి మీద పాలున్నాయి, ఆ ధ్యాస లేదు. కూరలు తరగాలి, లోపల అత్తగారు పిలుస్తున్నారు, ఏదీ ఆవిడకి పట్టదు. ఉత్తి ఖాళీ పెరటిని అలా చూస్తోంది. అప్పుడర్థమైంది నాకు, నేను దేనికి కుళ్ళుకుంటున్నానో. ఆయన కోసం కాదు. కావాలంటే తీసుకుపొమ్మనండి, సాక్సులతో సహా. ఎవరూ పిలవకుండా, దేనికీ లేవకుండా, అలా చూస్తూ ఉండిపోవడం ఉంది చూశారూ, నాకు కావలసింది అది. నా కళ్ళు ఆవిడ కళ్ళకేం తీసిపోలేదు. తీరికే లేదు.

“నడుస్తుందండీ” అన్నాను. “మంగళవారం నుంచీ చూస్తున్నాను. ఇవాళ నేను గింజలు చల్లలేదు, అందుకే రాలేదు. కావాలనే చల్లలేదు.”

“ఎందుకు?”

“కుళ్ళు. మీ మీద.”

ఆవిడ నావైపు తిరిగి, బైనాక్యులర్స్ మెడలోంచి తీసి నా చేతికిచ్చింది. నేను పొయ్యి ఆర్పేసి, నూకల గిన్నెతో వెళ్ళి గడియ తీశాను.

గడియ చప్పుడుకే గోడ మీద రెండు తలలు లేచాయి. చల్లి వచ్చి కుర్చీలో కూర్చున్నాను, పక్క కుర్చీలో ఆవిడ. ఐదు నిమిషాల్లో పెరడు నిండిపోయింది. గెంతే వాటి మధ్యలోంచి, ఎవరితోనూ పనిలేనట్టు, అది నడుచుకుంటూ వచ్చింది. ఆవిడ కుర్చీ అంచుకి జరిగింది. నోరు తిరగని పేరేదో చెప్పింది. ఉత్తరాన మంచుదేశాల పిట్టట, దారితప్పి వచ్చుంటుందట.

ఆయన పరుగున వచ్చారు. “చెప్పాను కదా మేడమ్!”

“మీరు గెంతుతోందని చెప్పారు” అంటూ ఆవిడ పుస్తకం తీసింది. “మొదట చూసిందెప్పుడు?”

“గురువారం” అన్నారాయన.

“మంగళవారం” అన్నాను నేను. ఆవిడ మంగళవారం అని రాసి, నన్ను పేరడిగింది. ఇంటిపేరు పుట్టింటిది చెప్పాలా, అత్తింటిది చెప్పాలా అని ఒక్క క్షణం తడబడి, ఒట్టి నా పేరు చెప్పాను. అదే రాసింది.

ఆయన ఆ పుస్తకంలోకి తొంగిచూశారు. నా కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డారు. ఆ నిలబడ్డం నాకు బాగా తెలుసు. పెళ్ళైన కొత్తలోనే నేర్చుకున్నాను, అలా వచ్చి నిలబడితే లేవాలని. బస్సులో, ఆసుపత్రిలో, నా పుట్టింట్లో, అన్నిచోట్లా లేచాను. మోకాళ్ళు వాటంతటవే కదలబోయాయి. గట్టిగా అదిమిపెట్టుకుని, బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకున్నాను. పిట్ట కాలివేళ్ళ వెనక పొడుగాటి గోరు కనిపించింది. ఇన్నిరోజుల్లో అది చూడనే లేదు.

“నూకలైపోతున్నాయి. లోపల్నుంచి ఇంకో గుప్పెడు పట్రండి” అన్నాను.

“ఎక్కడుంటాయి?”

“వెతకండి” అన్నాను, పిట్ట మీంచి చూపు తిప్పకుండా.