కోయకుండా వదిలేసిన బెత్తెడు

నేను ఒక రైఫిల్ బ్యారెల్ చివర ఉండే బెత్తెడు ముక్కను. మొత్తం బ్యారెల్‌ను కాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత మోసపోయామని మీరు అనుకోకూడదు. తూటా బయటికి దూకే ముందు చివరిసారిగా తాకేది నన్నే. ఆ తాకిడిలో తేడా వచ్చిందంటే ఎంత నేర్పున్న చెయ్యి కాల్చినా గురి తప్పుతుంది. ఇంత పెద్ద బాధ్యత నేను కోరుకున్నది కాదు. అసలు నేను పుట్టగానే పోవలసినదాన్ని.

మా పుట్టుక సముద్రాల అవతల ఒక కార్ఖానాలో. ఉక్కు కడ్డీకి నిలువునా బెజ్జం తొలిచి, లోపల మెలికలు తిరుగుతూ పోయే గాడులు కోసి, ఆఖరున సీసపు ముద్దతో ముందుకీ వెనక్కీ రుద్ది నునుపు చేస్తారు. రుద్దేవాడి చెయ్యి కొసదాకా వచ్చి వెనక్కి మళ్లుతుంది కదా, అక్కడ కాస్త ఎక్కువ అరుగుతుంది. అందుకే ఆ కొసను బెత్తెడు కోసి పారేయడం వాళ్ల ఆనవాయితీ. మాతో పాటు తయారైన మరో రెండు బ్యారెళ్లకు అలాగే కోశారు. మా వంతు వచ్చేసరికి భోజనాల గంట కొట్టింది. తిని వచ్చిన పెద్దమనిషి మమ్మల్ని కూడా కోసినవాటిలోనే కలిపేశాడు. ఒకడి ఆకలి పుణ్యమా అని నాకు ఆయుష్షు దక్కింది.

అనుమతులన్నీ ముగిశాక ఆ మూడు బ్యారెళ్లూ హైదరాబాదులో సుదర్శనాచారి దుకాణానికి చేరాయి. బ్యాంకు కాపలావాళ్ల జోడుగొట్టాల తుపాకులు, అడవిపందుల బెడద ఉన్న రైతుల పాత తుపాకులు బాగుచేస్తూనే ఆయన ముసలివాడైపోయాడు. ఒక్క మనిషి కొలతలు తీసుకుని, ఆ మనిషి కోసమే ఒక రైఫిల్‌ను మొదటినుంచీ తయారుచేయాలని ఆయన కోరిక. అది ఇన్నాళ్లకు సుప్రజ రూపంలో గడప తొక్కింది. సుప్రజ జూనియర్ల పోటీల్లో షూటర్. ఇన్నాళ్లూ క్లబ్బు వాళ్ల రైఫిల్‌తోనే నెట్టుకొచ్చింది. ఈ ఏడాది దాటితే జూనియర్ల వయసు దాటిపోతుంది. రాష్ట్ర జట్టులో చోటు దక్కించుకోవడానికి ఆ పిల్లకు మిగిలింది ఒక్క ఎంపిక పోటీయే.

మూడు బ్యారెళ్లనూ బల్లమీద పరిచారు. కోయని పాపానికి మాదే పొడవు. సుప్రజ చెయ్యి నేరుగా మా మీదికే వచ్చింది.

“తాతా, గిది పొడుగున్నది. గిదే పెడదమా?”

“పొడుగుదేమున్నది బిడ్డా! లోపట ఎట్లున్నదో నా వేళ్లు చెప్తయి,” అన్నాడు చారి.

ఆయన వేళ్లంటే ఊళ్లో అంత పేరు మరి. మెత్తటి సీసపు ముక్కను బ్యారెల్‌లో పెట్టి, కడ్డీతో మెల్లగా తోస్తూ, ఎక్కడ బిగువో ఎక్కడ వదులో చేతికి తెలిసేదాన్ని బట్టి మంచిచెడ్డలు తేలుస్తాడు. ఆ రోజు కూడా కళ్లు మూసుకుని తోశాడు. సీసం బ్యారెల్ పొడవునా బిగువుగా వచ్చి, నాలో అడుగుపెట్టగానే పట్టు వదిలి జారిపోయింది. దొరికిపోయాననుకున్నాను. ఆయన నుదురు ముడిపడింది. మళ్లీ తోశాడు. మిగతా రెండింటిలోనూ తోశాడు.

“మూడూ ఒక్క తీరుగనే ఉన్నయి. నీకు పొడుగుదే ఇష్టమైతే గదే పెడత. నూలు మందం గూడ కొయ్య.”

మూడూ ఒకేలా అనిపించినప్పుడు మనిషికి అనుమానం రావాలి. ఆయనకు గర్వం వచ్చింది.

అంతలో ఆయన భార్య భూదేవమ్మ టీ తెచ్చింది. సుప్రజ గాజుగ్లాసు అంచును చున్నీతో పట్టుకుని ఊదుకుంటుంటే, చారి నిండుగ్లాసును పిడికిట్లో బిగించి తాగాడు. దుకాణానికి వచ్చేవాళ్లందరూ దాన్ని మెచ్చుకునేవారు. చారివి ఇనుప చేతులనేవారు. నేనూ ఇనుము జాతిదాన్నే గనక మురిసిపోయాను.

రైఫిల్ తయారైంది. దాని అందం చూసి క్లబ్బులో అందరూ నోరెళ్లబెట్టారు. తీరా కాల్చడం మొదలుపెట్టాక టార్గెట్ కాగితం మీద రంధ్రాలు చెల్లాచెదురుగా పడ్డాయి. కోచ్ తప్పంతా ఊపిరిదన్నాడు. ఆ పిల్ల ఊపిరి పట్టే తీరు మార్చుకుంది, టీ మానేసింది, నిలబడే పద్ధతి కూడా మార్చింది. రైఫిల్‌ను బల్లకు బిగించి ఒకసారి పరీక్షిద్దామని మాత్రం ఒక్కరూ అనలేదు. చారి ఎంచిన బ్యారెల్‌ను పరీక్షించడమంటే ఆ ముసలాయనను అవమానించడమేనని అందరి భయం. మర్యాదస్థులు! ఆ మర్యాద ఖరీదు సుప్రజ కట్టింది. ఎంపిక పోటీలో ఆమె పేరు జాబితాకెక్కలేదు. ఆ కాగితం మీద చెదిరిన ప్రతి రంధ్రమూ నా పనే. నోరు లేకపోవడం ఎంత శాపమో నాకు ఆ రోజు తెలిసింది.

ఆ తరవాతి వారం ఆమె రైఫిల్ పెట్టె తెచ్చి దుకాణంలో బల్లమీద పెట్టింది.

“తాతా, దీన్ని ఎవలకన్న ఇచ్చెయ్యి. రైఫిల్ మంచిదే. నాతోనే అయితలేదు. ఇగ ఇడిచిపెడుతున్న.”

చారి ఏదో చెప్పబోతుండగా భూదేవమ్మ టీ గ్లాసులు దించింది. ఆయన అలవాటుగా గ్లాసు చుట్టూ పిడికిలి బిగించాడు.

“అయ్యో, ఇడువుండ్రి! ఇప్పుడే మసలంగ పోసిన!”

ఆమె గ్లాసు లాక్కుంది. ఆయన అరచెయ్యి ఎర్రగా కంది, వేళ్ల మీద బొబ్బ తేలుతోంది. ఆయన ఆ చేతిని పరాయివాళ్లది చూసినట్టు చూశాడు. తరవాత రైఫిల్ వైపు చూశాడు.

ఊరుకోవచ్చు. తప్పును ఆ పిల్ల తన నెత్తిన తనే వేసుకుంది. అడిగేవాళ్లు లేరు. ఊరుకుంటాడనే అనుకున్నాను, ఎందుకంటే నేను చూసిన మనుషులు చాలామంది ఊరుకునేవాళ్లే. ఆయన బ్యారెల్ విప్పి, బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి, సీసపు ముక్క పెట్టి, కడ్డీని సుప్రజ చేతికిచ్చాడు.

“కండ్లు మూసుకో. మెల్లగ తొయ్యి. ఎక్కడన్న తేడా కొడితే చెప్పు.”

ఆమె అయిష్టంగానే తోసింది. నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

“తాతా, ఇక్కడ జారుతున్నది.” కళ్లు తెరిచి నా మీద వేలు పెట్టింది. “గింత వదులున్నది. నీకు తెల్వలేదా?”

“తెల్వలేదు బిడ్డా. షుగరొచ్చినకాన్నుంచి నా వేళ్లకు సోయి లేదు. ఎవ్వలకు చెప్పలె. పేరు పోతదని.” ఆయన బొబ్బ తేలిన చెయ్యి ఆమె ముందు చాపాడు. “తప్పు నీ ఊపిరిది కాదు. నాది.”

“ఇన్ని దినాలు నన్ను నేనే తిట్టుకున్న తాతా,” అంది సుప్రజ. చాలాసేపు ఏడ్చింది.

నన్ను ఎక్కడ కోయాలో ఆమే గీత గీసింది. ఆయన కోశాడు. నేను పోయాక రైఫిల్ గురి కుదిరిందట, తూటాలన్నీ ఒక్కచోటే పడుతున్నాయట. అది విన్నప్పుడు సంతోషమూ వేసింది, చిన్నతనమూ అనిపించింది. కానీ పోయిన ఏడాది ఎవరు తెచ్చిస్తారు? సుప్రజ ఇప్పుడు పెద్దవాళ్ల పోటీల్లో అడుగునుంచి మొదలుపెట్టింది. దుకాణానికి వస్తుంది, పని చూసుకుంటుంది, వెళ్తుంది. మునుపటిలా నవ్వదు.

నేను పనిబల్ల మీద ఒక మూలన ఉన్నాను. రోజూ దుకాణం తెరవగానే చారి నన్ను తీసుకుని, చిటికెనవేలి కొనను నా బెజ్జానికి ఆనించి తిప్పుతాడు. నా గాడుల అంచులు ఆ వేలిని ఒరుసుకుంటాయి. నాకు తెలుస్తుంది, ఆయనకు తెలియదు.

నిన్న ఆయన అలా తిప్పుతుండగా సుప్రజ వచ్చింది. ఎవరి కోసమో తెప్పించిన కొత్త బ్యారెళ్లు బల్లమీద ఉన్నాయి. ఆమె కాసేపు ఆయన వేలినే చూస్తూ నిలబడింది.

“ఏమన్న తెలుస్తున్నదా తాతా?”

“లేదు బిడ్డా.”

ఈసారి వెంటనే చెప్పాడు. ఆమె గోడకున్న సీసం తోసే కడ్డీ తీసుకుని, స్టూలు ఆయన పక్కకు జరుపుకుని కూర్చుంది.