గవ్వముక్కలు

పోర్ట్స్‌మత్ రేవులో లంగరేసిన యుద్ధనౌకలో ఐదుగురు కెప్టెన్ల ఎదుట కార్లియన్ నిలబడ్డాడు. ఓడ పోగొట్టుకున్న కెప్టెన్ ఎంతటివాడైనా ఈ విచారణకు రావలసిందే. ఫ్రెంచివాళ్ల ఓడలు మూడు పట్టుకున్న మనిషి, తీరా ఇంటిదాకా వచ్చి పొగమంచులో తన ఓడని రాతికి కొట్టించాడు. తొమ్మిదిమంది మునిగిపోయారు. తప్పు లేదని తేలితే ఇంకో ఓడ ఇస్తారు. లేదంటే బతికినన్నాళ్లూ ఒడ్డున గోళ్లు గిల్లుకోవడమే.

ఆ రోజు లోతు కొలిచినవాడు ట్రెవిన్. పదకొండేళ్లుగా కార్లియన్ ఏ ఓడకు మారితే తనూ ఆ ఓడకే మారుతూ వచ్చినవాడు. సీసపు గుండు అడుగున కొవ్వు పూసి నీళ్లలోకి వదిలితే, కింద నేల ఎలాంటిదో అదే అంటుకొస్తుంది. గవ్వముక్కలు వస్తున్నాయని, రాళ్లు దగ్గరపడ్డాయని ట్రెవిన్ మూడుసార్లు అరిచాడు. కార్లియన్ తన లెక్కే నమ్మాడు. పొద్దున్నే మందు పట్టించావేంట్రా అని నవ్వాడు కూడా. ఆ మాటలు విన్న పక్కవాళ్లు ఇప్పుడు లేరు. ఇలాంటివన్నీ రాసిపెట్టే ఓడ పుస్తకమూ మునిగింది.

సిబ్బంది మీద ఫిర్యాదు ఉందా అని ఆనవాయితీ ప్రకారం కెప్టెన్‌ని అడిగారు. లేదన్నాడు. కెప్టెన్ మీద ఉందా అని సిబ్బందిని అడిగారు. అందరూ లేదన్నారు. గుండుకు ఏం అంటుకొచ్చిందని ట్రెవిన్‌ని ప్రత్యేకంగా అడిగారు.

"గుర్తు లేదు దొరా. పొగమంచు కదా."

ఐదుగురి మొహాలూ తేలికపడ్డాయి. వాళ్లకీ ఇదే కావాలి. కార్లియన్ నోరు మూసుకుంటే చాలు, ఓడ వచ్చినట్టే. అతనికి ఆ తొమ్మిదిమంది పేర్లు వరసగా గుర్తొచ్చాయి.

"గవ్వముక్కలు వచ్చాయి. వీడు చెప్పాడు. నేను వినలేదు."

ఓడ యోగం ఆ మాటతో తీరిపోయింది.

ఒడ్డున ట్రెవిన్ ఎదురుచూస్తూ కనిపించాడు. కృతజ్ఞత చెప్పుకోవడానికేమో అనుకుని కార్లియన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మీకు ఓడొస్తే నాకూ చోటొచ్చేది దొరా. యాభై దాటినోణ్ణి, ఇంకెవడు ఎక్కించుకుంటాడు?"

ఎవరికైనా ఉత్తరం రాసిస్తానన్నాడు కార్లియన్.

"మీ ఉత్తరం ఇప్పుడెవరు చదువుతారు?" ట్రెవిన్ గొంతులో కోపం కూడా లేదు. "ఆ రోజు వినాల్సింది దొరా. ఇవాళ చెప్పి ఎవర్ని బతికించారు?"

కార్లియన్ చెయ్యి తీసేశాడు. ట్రెవిన్ అలవాటు కొద్దీ టోపీ తాకి, మనుషుల్ని తీసుకునే ఓడ ఏదైనా ఉందేమో కనుక్కోవడానికి రేవు వెంట నడిచి వెళ్లాడు.