వాగ్దేవి చేతి కొలత

పెళ్ళయి డెబ్బై రెండు రోజులు. ఇంకా లెక్కపెడుతున్నానని మా ఆయన వినయ్ కుమార్ నవ్వుతారు. తెనాలిలో మేడమీద వాటా, వంటింటి కిటికీలోంచి పడే ఎండ, ఇద్దరికీ సరిపోయే బుల్లి ఫ్రిజ్జు, అన్నీ నాకు ముద్దుగానే ఉన్నాయి. ముద్దుగా లేనిదల్లా ఒక్క పేరు. వాగ్దేవి.

శనివారం సాయంత్రం ఆయన బ్లడీ మేరీ కలుపుతారు. టమాటా రసం, కాస్త వోడ్కా, నిమ్మరసం, ఉప్పు, మిరియాలు, రెండు చుక్కలు నల్లటి సాస్. తీపి ఉండదు. చల్లటి చారులా ఘాటుగా గొంతులోకి దిగుతుంది. నాకూ భలే నచ్చింది. కానీ ఒక గుక్క తాగగానే, "ఎంతైనా వాగ్దేవి చేతి కొలత రాదు అనూ" అంటారు. బాపట్ల కాలేజీలో నాలుగేళ్ళు కలిసి చదివారట. ఆవిడే నేర్పిందట. నేను మిరియాలు పెంచి చూశాను, టమాటాలు మంట మీద కాల్చి చూశాను. "బాగుంది" అనేవారు. వెంటనే ఆ పేరూ వచ్చేది. ఆ పేరు రాకుండా ఆయన ఒక్క గ్లాసు తాగితే చాలనిపించేది.

ఆదివారం ఆవిడే మా ఇంటికొచ్చింది. బెంగళూరులో ఉద్యోగం, బాపట్లలో పుట్టిల్లు. నవ్వితే బుగ్గన సొట్ట. ఆ సొట్ట సంగతి నాకెవరూ ముందు చెప్పలేదు.

"ఒరేయ్ వినయ్, ఆ బొజ్జేంట్రా?"

"మా ఆవిడ వంట మహిమ."

"అయితే నా గ్లాసు మర్చిపోయుంటావ్‌లే."

"చచ్చినా మర్చిపోను!"

చచ్చినా మర్చిపోరట.

"అక్కా అని పిలువమ్మా" అంది నాతో.

"అలాగేనండి వాగ్దేవి గారూ" అన్నాను.

ఇంట్లో ఆ నల్లటి సాస్ అయిపోయిందని, ఆవిడ కోసం ఈయన గుంటూరు వెళ్ళి మరీ విదేశీ సీసా తెచ్చారు. నాకు గుంటూరు నుంచి ఇంతవరకు పిన్నీసు కూడా తేలేదు. ఆవిడ నా చాకుతో నా నిమ్మకాయ కోస్తుంటే చూడలేక, ఆ సీసా పట్టుకుని వెనక అచ్చు చదువుతూ నిలబడ్డాను. వెనిగర్, చింతపండు, ఆంకోవీలు. ఆంకోవీలంటే మన మెత్తళ్ళే, వాడరేవులో ఇసుక మీద ఎండబెట్టే చిన్న చేపలు. ఆవిడ గుడ్డు కూడా ముట్టదని పొద్దున్నే ఈయన నాచేత ముద్దపప్పు వండించారు.

ఒక్క క్షణం చెప్పొద్దనుకున్నాను. నిజం చెప్పాలంటే రెండు క్షణాలు. తాగనీ, తర్వాత చెప్తే ఆ సొట్ట ఏమవుతుందో చూద్దామనిపించింది. ఆవిడ చెయ్యి చాపింది. సీసా ఇచ్చాను. మూత తిప్పింది.

"ఆగండి! అందులో చేప ఉంది."

ఆవిడ సీసా గట్టు మీద పెట్టేసి రెండడుగులు వెనక్కి వేసింది. "నేను కొనేదాని మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది. చూసుకోవద్దట్రా?"

"ఖరీదైంది కదా అని..." ఆయన మొహం కందిపోయింది.

"అది లేకపోతే నాకు చేతకాదు. నువ్వే ఏదో ఒకటి కలుపు అనుపమా" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

చింతపండు పులుసు చిక్కగా పిసికి, బెల్లం కరిగించి, రెండు గ్లాసుల్లో టమాటా రసం, వోడ్కాతో కలిపాను. చిటికెడు ఆవపిండి వేశాను. కుండీలోంచి వామాకు రెమ్మలు తుంచి గ్లాసుల్లో నిలబెట్టాను. ఆవిడ ఇంకా రాలేదు. రేపల్లె నుంచి మా అత్తయ్య పంపిన మాగాయ జాడీ తీసి, పుల్లటి ఊట ఒక్కో చెంచా గ్లాసుల్లో వంచాను. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

ఇద్దరికీ చెరో గ్లాసు ఇచ్చాను. వాగ్దేవి ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. ఇంకో గుక్క. "అమ్మాయ్, నాదానికంటే బాగుందే! ఏం వేశావో చెప్పు" అంటూ రాసుకోవడానికి ఫోను తీసింది.

చింతపండు చెప్పాను. బెల్లం, ఆవపిండి, వామాకు చెప్పాను.

"ఇంకేదో తగుల్తోంది."

"అంతేనండి."

నమ్మలేదు. ఆయన వైపు తిరిగింది. "నువ్విక్కడే ఉన్నావుగా. చెప్పరా, ఇంకేం వేసింది?"

ఈయన ఆవిడ దగ్గర ఏదీ దాచే మనిషి కాదు. తన గ్లాసులోకి చూశారు. నా వైపు చూశారు.

"ఏమో, నేను చూడలేదు" అని తాపీగా ఇంకో గుక్క తాగారు.