కొత్త చెత్త

మా మనవరాలి బడి నుంచి ఆ కాగితం వచ్చిన రోజున మా ఇంట్లో చెత్త లేదు. ఉన్నదంతా పొద్దున్నే బండివాడికి ఇచ్చేశాం. అదే మా కొంప ముంచింది.

కాగితంలో ఉన్నది కొంచెమే. ఇంట్లో పనికిరాని వస్తువులతో పిల్లలు తమ చేతులతో ఒక బొమ్మ చేసి, రంగులు వేసి, వచ్చే శనివారం బడికి తేవాలి. అన్నిట్లోకీ మంచిదాన్ని బడి గుమ్మంలో ఉన్న అద్దాల బీరువాలో ఏడాది పొడుగునా ఉంచుతారు, చేసిన పిల్ల పేరుతో సహా.

మా మనవరాలికి ఏడేళ్లు. ఒక్కచోట కాలు నిలవదని దాన్ని పిచ్చుక అని పిలుస్తాం. ఆ కాగితం చూసినప్పటి నుంచి దానికి అద్దాల బీరువా తప్ప వేరే ధ్యాస లేదు. "నానమ్మా, పేరు ఎంత పెద్దగా రాస్తారు? రోడ్డు మీద పోయేవాళ్లకి కనిపిస్తుందా?" అని రోజుకి పదిసార్లు అడిగేది.

మా కోడలు బ్యాంకులో మేనేజరు. ఎవరి పని వాళ్లని చేసుకోనిస్తే అది తప్పకుండా చెడిపోతుందని ఆమె గట్టి నమ్మకం.

"అర్జంటుగా చెత్త కావాలి అత్తయ్యా," అంది ఆఫీసు నుంచి వస్తూనే.

"చెత్త పేరుకుపోయిందని పొద్దున్నేగా నన్ను సాధించావు?"

"అది వేరే చెత్త. ఇది ప్రాజెక్టు."

బజారుకి వెళ్లి రెండు సంచులతో తిరిగి వచ్చింది. పెద్ద పెద్ద షాంపూ సీసాలు రెండు, తెల్లటి ప్లాస్టిక్ చెంచాల కట్ట ఒకటి, తెల్ల రంగు స్ప్రే డబ్బా ఒకటి.

"ఇవి పనికిరాని వస్తువులా అమ్మాయ్?"

"వాడేశాక పనికిరానివే కదా. కాస్త ముందుగా పనికిరాకుండా పోతున్నాయి, అంతే."

షాంపూని మంచినీళ్ల జగ్గుల్లోకి వంపేసింది. మా అబ్బాయి దాహమై వచ్చి, జగ్గులో ఏముందో చూసుకోకుండా గ్లాసులోకి వంచుకుని ఒక గుక్క తాగాడు. వెంటనే పెరట్లోకి పరిగెత్తాడు. నోరు తెరిస్తే నురగ వస్తోంది.

మా ఇంటి సంగతి ఇలా ఉంటే ఎదురింట్లో ఇంకా ఘోరం. ఎదురింటావిడకి ఓడ చెయ్యాలని బుద్ధి పుట్టింది. ఓడకి పన్నెండు జ్యూసు డబ్బాలు కావాలి, ఖాళీవి. ఆ పన్నెండూ ఖాళీ చేసే పని వాళ్లబ్బాయి మీద పడింది. వాడు పిచ్చుక క్లాసే. రెండు రోజులు బడికి రాలేదు. కడుపు చెడి బాత్‌రూంలోనే కాపురం పెట్టాడని వాళ్ల నాన్న చెప్పాడు.

"నేను అసలు వేలు పెట్టనండీ పిన్నిగారూ," అంది ఎదురింటావిడ నాతో, మెట్ల దగ్గర. "పిల్లల పని పిల్లలే చేసుకోవాలి. అంతా వాడే." ఆవిడకి మోచేతుల దాకా నీలం రంగు ఉంది.

మా హాల్లో కోడలి చేతుల మీదుగా ఆ సీసాలూ చెంచాలూ ఒక హంసగా తయారవుతూంటే, పిచ్చుక నా గదిలో నేల మీద కూర్చుని తన పని తాను మొదలుపెట్టింది. హాల్లోకి దానికి ప్రవేశం లేదు. "రంగు అంటుకుంటుంది, అటు పో," అని వాళ్లమ్మ కేకేసింది మరి.

దానికి చెత్తకి లోటేం లేదు. అసలు చెత్త ఎక్కడుంటుందో పిల్లలకి తెలిసినట్టు మేనేజర్లకి తెలియదు. పొయ్యి పక్కన మూలన దొర్లుతున్న ఖాళీ ప్లాస్టిక్ నూనె సీసా ఒకటి, సిరా అయిపోయిన పెన్నులు నాలుగు, తెగిపోయిన రబ్బరు చెప్పు ఒకటి, వాళ్ల నాన్న పళ్లు తోమి తోమి అరగదీసిన బ్రష్షు ఒకటి, నా బీపీ మాత్రల ఖాళీ రేకు ఒకటి. కిటికీ ఊచలకి వేయగా డబ్బా అడుగున మిగిలిన ఆకుపచ్చ రంగు.

మొదటిసారి రంగు వేస్తే నిలవలేదు. నూనె సీసా కదా, రంగు జారి నేల మీదికి వచ్చింది. సబ్బుతో కడిగి మళ్లీ వేసింది. ఆరాక పొట్టులా ఊడింది. అప్పుడు వాళ్ల నాన్న పెట్టెలోంచి గరుకు కాగితం తెచ్చి సీసా ఒళ్లంతా రుద్దింది. చినిగిన నోటుపుస్తకం కాగితాల్ని పిండిబంకలో ముంచి చుట్టూ అతికించింది. ఒక రోజంతా ఆరబెట్టి, మూడోసారి రంగు వేసింది. ఈసారి పట్టింది.

"నేను చేసిపెట్టనా?" అన్నాను రెండోసారి ఊడినప్పుడు, దాని మొహం చూడలేక.

"నువ్వు పట్టుకో చాలు. అటూ ఇటూ కదలకు," అని కసిరింది. కదలకుండా కూర్చున్నాను. నాకు మాత్రం ఆ గదిలో అంతకంటే ఏం అధికారం ఉంది?

చివరికి ఒక కుక్క తయారైంది. పెన్నులు కాళ్లు, చెప్పు ముక్కలు చెవులు, సీసా మూత ముక్కు, మాత్రల రేకులో ఉబ్బిన బుడిపెలు కళ్లు, బ్రష్షు తోక. ఒక కాలు పొట్టి. మూడు కాళ్ల మీద నిలబడి నాలుగోది ఎత్తుకుని ఉంటుంది. కుక్కలకి ఆ భంగిమ కొత్తేం కాదు కాబట్టి నేను వంక పెట్టలేదు.

శుక్రవారం సాయంత్రం కోడలు ఆ కుక్కని చూసింది.

"చాలా బాగుంది బంగారం," అంది, బ్యాంకులో అప్పు ఇవ్వనని చెప్పేటప్పుడు వాడే గొంతుతో. "దీన్ని మనింట్లో పెట్టుకుందాం. బడికి హంసని తీసుకెళ్దాం, సరేనా?"

హంస మెడలో అప్పటికే చీటీ వేలాడుతోంది. పిచ్చుక పేరు, క్లాసు, సెక్షను అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో. అవీ వాళ్లమ్మవే.

పిచ్చుక ఏడవలేదు. నా పక్కలోకి వచ్చి గుసగుసగా అడిగింది. "నానమ్మా, హంసని నేనే చేశానని చెప్పాలంట. ఎలా చేశావని అడిగితే ఏం చెప్పాలి?"

"చెంచాలతో అని చెప్పు."

"ఆ బీరువాలో హంస ఉంటే, అందులో ఉండేది నా పేరా, అమ్మ పేరా?"

దాన్ని దగ్గరికి తీసుకుని పడుకోబెట్టాను. పొద్దున బయల్దేరేటప్పుడు కుక్కని నా గుడ్డసంచిలో వేసుకున్నాను. కోడలు అడిగితే మందుల సంచి అని చెప్పాను.

బడి హాల్లో బల్లల మీద బొమ్మలన్నీ బారులు తీరి ఉన్నాయి. పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు ఒకదాన్ని మించి ఒకటి ముస్తాబు. టాయిలెట్ కాగితం చుట్టల గొట్టాలతో ఒక కోట కట్టారు. గొట్టాలు ఖాళీ కావడానికి విప్పేసిన కాగితమంతా ఆ ఇంటివాళ్లు మూటకట్టి మంచం కింద పెట్టుకున్నారట. పిల్లలు ఎవరి బొమ్మ వెనక వాళ్లు నిలబడి, బొమ్మని ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు. కోడలు ఎదురింటావిడ ఓడ మంచిచెడ్డలు చూడ్డానికి వెళ్లిన సమయంలో, నేను సంచి తెరిచాను. పిచ్చుక కుక్కని తీసి హంస వెనకాల నిలబెట్టింది.

మార్కులు వెయ్యాల్సిన చిత్రకారుడు రాలేదు. జ్వరమని ఫోను చేశాడు. ప్రిన్సిపాల్ మేడం కంగారుగా చుట్టూ చూసింది. వరండాలో పాతసామాన్లు కొనే ఆయన పాత పరీక్ష కాగితాలు గోతాంలో కుక్కుతున్నాడు. ఆవిడకి ఒక ఆలోచన మెరిసింది.

"ఏమయ్యా, కాస్త లోపలికి రా," అని పిలిచి, మైకు చేతిలోకి తీసుకోగానే "వీరు ముప్పై ఏళ్లుగా వ్యర్థాల మధ్యనే జీవిస్తున్నారు. ఈ రోజు న్యాయనిర్ణేత వీరే!" అంది. తల్లులందరూ చప్పట్లు కొట్టారు. కొట్టి, ఒకరి చెవిలో ఒకరు నవ్వుకున్నారు.

ఆయనకి నవ్వులాట తెలియలేదు. గోతాం భుజాన వేసుకునే వచ్చాడు. తనకి ఒక పని ఒప్పజెప్పారు, చేస్తున్నాడు. ముందు ఓడ దగ్గర ఆగాడు. ఎత్తి వాసన చూశాడు. తిరగేసి అడుగున ఉన్న తారీఖు చదివాడు.

"వచ్చే ఏడాది దాకా గడువుందమ్మా దీనికి. ఇది చెత్త కాదు."

"ఖాళీ డబ్బాలేనండీ అవి," అంది ఎదురింటావిడ.

"ఖాళీ అయితే చెత్త అయిపోద్దా? చెత్తకి ఒక వాసనుంటది, ఒక అరుగుదల ఉంటది." గోరుతో ఒక గీత గీశాడు. నీలం రంగు పెచ్చులా లేచి ఓడ మీదనే పడింది. "నేను తీసుకోను."

కోట దగ్గర ఒక గొట్టాన్ని నొక్కి చూశాడు. "కొత్తది. తీసుకోను." హంస దగ్గర ఒక చెంచాని వేలితో మీటాడు. "ఒక్కళ్లు కూడా దీంతో తినలేదు. తీసుకోను." మా కోడలి మొహం హంసకంటే తెల్లబడింది. తల్లుల నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి.

అప్పుడు ఆయన కంట్లో కుక్క పడింది. రెండు చేతులతో ఎత్తుకున్నాడు. వాసన చూశాడు. అరిగిన బ్రష్షు తోకని నిమిరాడు. చెప్పు చెవిని వంచి చూశాడు. ఆయన మొహం విప్పారింది.

"ఇదమ్మా సరుకు! ఇదీ చెత్తంటే! ఇది తీసుకుంటా."

తీసుకుంటా అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆయన చేతులు ముప్పై ఏళ్లుగా ఏం చేస్తున్నాయో అదే చేశాయి. కుక్కని నేల మీద పెట్టాడు, గోతాంలో పట్టడానికి వీలుగా కాలు ఎత్తి తొక్కాడు.

ఫట్‌మంది.

 కుక్క అట్టముక్కలా పరుచుకుని ఉంది. ఒక కాలు విరిగి బల్ల కిందికి దొర్లింది. ఆయన తన కాలి వైపు చూసుకున్నాడు, దాన్ని ఎవరో అరువిచ్చినట్టు.

పిచ్చుక బల్ల వెనకనుంచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. కళ్లనిండా నీళ్లే గానీ గొంతు మాత్రం గట్టిగా ఉంది. "బాగుందని చెప్పి ఎవరైనా తొక్కుతారా తాతా?"

"అలవాటమ్మా... తప్పైపోయింది తల్లీ. నువ్వు చేశావా?"

"నేనే చేశా. మళ్లీ బాగుచెయ్యాలి. కూర్చో."

ఆయన కూర్చున్నాడు. కుక్క ముక్కు, అంటే సీసా మూత, తిప్పి తీశాడు. ఆ రంధ్రానికి నోరు పెట్టి బుగ్గలు పూరించి ఊదాడు. టపటపా చప్పుళ్లు చేస్తూ కుక్క పొట్ట లేచింది. పిల్లలందరూ చేతులు విప్పుకుని చుట్టూ మూగారు. ఆ హాల్లో అంతదాకా బొమ్మ తయారవడం పిచ్చుక తప్ప ఏ పిల్లా చూడలేదు మరి.

"కాగితం చినిగింది, బంక కావాలి," అంది పిచ్చుక. ఒకడు పరిగెత్తాడు. "కాలు విరిగింది. పొడుగ్గా, గట్టిగా ఉండేది ఏదైనా కావాలి." చుట్టూ చూసింది. హంస మీద దాని చూపు ఆగింది.

"వద్దమ్మా, అది వేరేవాళ్ల బొమ్మ," అంది ప్రిన్సిపాల్ మేడం.

"నాదే మేడం. నా పేరుంది కదా," అని పిచ్చుక చీటీ చూపించింది. దానికి ఆవిడ ఏమనగలదు? పిచ్చుక హంస రెక్కలోంచి ఒక చెంచా పట్టుకుని లాగింది. రాలేదు. కాలు బల్లకి తన్నిపెట్టి రెండు చేతులా లాగింది. హంస మొత్తం ఊగిపోయింది.

"అలా లాగకే! విరుగుతుంది!" మా కోడలు గావుకేక పెట్టింది. "రెండు రకాల బంకలు కలిపి అంటించాను, అలా ఎక్కడొస్తుంది? మెల్లగా తిప్పి లాగు!"

హాలంతా విన్నది. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కాస్త ఆలస్యంగా.

"ఓహో, మీరు అంటించారా?" అంది ఎదురింటావిడ తియ్యగా.

"మోచేతులు కడుక్కుని మాట్లాడండి," అంది కోడలు. తర్వాత వెళ్లి తనే చెంచా తిప్పి ఊడదీసి కూతురి చేతిలో పెట్టింది. "పట్టుకోనా?" అని అడిగింది. అంత మెల్లగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"పట్టుకో చాలు. కదలకు," అంది పిచ్చుక.

కుక్క లేచి నిలబడింది, పోయినసారి కంటే వంకరగా. "నాకు తెలిసి ఈ హాల్లో సరుకు ఇదొక్కటే," అని పాతసామాన్లాయన లేచి, ఈసారి కాళ్లు జాగ్రత్తగా వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ మేడం కాదనడానికి దారి వెతికింది గానీ దొరకలేదు. కుక్క బీరువాలోకి వెళ్తుందని మైకులో చెప్పింది. పిచ్చుక హంస మెడలోని చీటీ తెంపి కుక్క మెడలో కట్టింది.

బల్ల మీద హంస అనాథలా మిగిలింది. మైకు ఇంకా ప్రిన్సిపాల్ మేడం చేతిలోనే ఉంది. "మరి ఈ హంస ఎవరిది?" అంది.

మా కోడలు కుడిచెయ్యి పైకెత్తింది. "నాది మేడం."

ప్రిన్సిపాల్ మేడం పిల్లల పేర్ల పట్టీలోకి చూస్తూ, తల ఎత్తకుండానే, "ఏ సెక్షను?" అంది.