తోక కోసిన మాట

జక్కయ్యతో వచ్చిన చిక్కల్లా ఆయనకు అన్ని భాషలూ రావడమే. ఒక్కటి తక్కువ వచ్చినా తెరెసా సంసారం సుఖంగా సాగేది. కిందటి వారం దుకాణంలో కోడిగుడ్లకు ‘బైద్’ అనబోయి ‘బయీద్’ అని, డజను ‘దూరం’ ఇమ్మని అడిగాడు. దుకాణదారు పాపం వీధి చివరికి చెయ్యి చూపించాడట. “వీడికి అరబ్బీ సరిగ్గా రాదే” అన్నాడు ఇంటికొచ్చి.

ఆ శుక్రవారం కమాలుద్దీన్ జుమ్మా నమాజు ముగించుకుని భోజనానికి వచ్చాడు. నిజామాబాదు మనిషి. దోహా అవతల షహానియాలో ఒంటెల ఫారాలకు నీళ్ళ ట్యాంకర్ తోలుతున్నాడు. ఏడేళ్ళ కిందట ఇద్దరూ పటాలంలో ఒకే సెక్షన్. జక్కయ్యది నాయక్ హోదా, కమాల్ ఆయన కింద సిపాయి. ఇప్పుడు దోహాలో జక్కయ్య ఒక కంపెనీకి సెక్యూరిటీ ఇన్‌ఛార్జి. అక్కడ గేటు సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాళీగా ఉంది. దరఖాస్తు మీద జక్కయ్య సంతకం పడితే అది కమాల్‌దే. ఆ దరఖాస్తు మూడు వారాలుగా ఫ్రిజ్ మీద పడి ఉంది.

“రేపే ఆఖరంట, వదినా” అన్నాడు కమాల్ పప్పు కలుపుకుంటూ. “ఈ ఎండల ట్యాంకర్ తోలుడు ఇగ నాతోని కాదు. నడుం పోయింది.”

“నడుం ఇప్పుడు పోయిందిరా. గుండె జాఫ్నాలోనే పోయింది” అన్నాడు జక్కయ్య.

తెరెసాకు ఆ కథ కంఠతా వచ్చు. శ్రీలంకలో మన శాంతిసేన దిగిన కొత్త. ఒక సందులో ఇళ్ళ వెనకనుంచి ఎవరో కాలుస్తున్నారు. రూలు ప్రకారం ముందు జనాన్ని వాళ్ళ భాషలో హెచ్చరించాలి. చేతిలో ఆయుధం కంటపడితేనే కాల్చాలి. ఉత్తరాది కెప్టెన్ లెక్కలో వింధ్యకు దిగువన పుట్టినవాళ్ళంతా మద్రాసీలు. అందుకని మైకు జక్కయ్య చేతికిచ్చి, ఎక్కడివాళ్ళక్కడ ఇళ్ళలోనే వంగి ఉండమని చెప్పమన్నాడు. ‘తెలుగు మాటకు తోక కోస్తే అరవం’ అన్నది జక్కయ్య సిద్ధాంతం. మూడుసార్లు అరిచాడు. తలుపులు తెరుచుకుని జనం సందులోకి పరుగెత్తుకొచ్చారు. చెప్పినా వినలేదంటే వీళ్ళూ తీవ్రవాదుల మనుషులేనని, కాల్చమన్నాడు జక్కయ్య. కమాల్ తుపాకి దించేశాడు.

ఎవరూ చావలేదు. కానీ ‘శత్రువు ఎదుట ఆజ్ఞ ధిక్కరించాడు’ అని జక్కయ్య రాసిచ్చిన కాగితంతో కమాల్ ప్రమోషన్ పోయింది, ఆ వెనకే ఉద్యోగమూ పోయింది. జక్కయ్యను పదో రోజున మలేరియాతో ఇండియాకు ఓడెక్కించారు.

“ముసల్ది పోరన్ని సంకనేసుకొని ఉరికొస్తుంటే ఎట్ల కాల్చాలె, నాయక్ సాబ్? చేతుల ఏం లేకుండె.”

“మూడు వార్నింగులిచ్చాక కూడా...”

“మజ్జిగ పోసుకోండి” అంది తెరెసా.

ఎదురు ఫ్లాట్‌లోకి కొత్తగా దిగిన తమిళావిడ, భోజనాలయ్యాక పాయసానికి రమ్మని పొద్దున్నే చెప్పి వెళ్ళింది. ముగ్గురూ వెళ్ళారు. ఆవిడ తలుపు తీసి, “వాంగ, వాంగ! వాంగ సార్!” అంది.

జక్కయ్య గుమ్మంలో నడుం దాకా వంగాడు.

“ఏం పడిపోయిందండీ?” అంది తెరెసా.

“ఆవిడే వంగమంటోంది కదే. ద్వారబంధం తగులుతుందేమో.”

ద్వారబంధం ఆయన తలకు మూరెడు ఎత్తున ఉంది. తమిళావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, “వాంగ అంటే రండి, సార్!” అంది వచ్చీరాని తెలుగులో.

తెరెసా నవ్వబోయి ఆగింది.

“ఏవండీ, ఆ రోజు మైకులో మీరన్న మాటేమిటి?”

“వంగండి అనే. అదే, ‘అండి’ తీసేసి, కాస్త సాగదీసి...” జక్కయ్య నిటారుగా నిలబడ్డాడు.

“వాంగ, వాంగ అన్నరు” అన్నాడు కమాల్ నెమ్మదిగా. “నాకు మంచిగ యాదికుంది. మూడుసార్లు.”

పాయసం వచ్చింది. జక్కయ్య ముట్టలేదు. లేచి ఇంటికెళ్ళి దరఖాస్తు పట్టుకొచ్చాడు, సంతకం పెట్టి చాచాడు. కమాల్ అందుకోలేదు.

“ఇది సరే, సాబ్. అప్పుడు మీరు రాసిచ్చిన దానికేమంటరు?”

జక్కయ్య సాయానికి పెళ్ళాం వైపు చూశాడు. తెరెసా శ్రద్ధగా పాయసంలో జీడిపప్పు వెతుక్కుంటోంది.

“వాళ్ళను సందులోకి పిలిచింది నేను” అన్నాడు చివరికి. “పిలిచి, వచ్చినందుకు కాల్చమన్నాను. రూలు పాటించింది నువ్వు. తప్పు నాది, కమాల్.”