చీటీ మీద ఐదు, ఒంట్లో ఎనిమిది

నేను ఒక నిక్రోమ్ తీగను. అప్పట్లో నలభై సెంటీమీటర్ల పొడుగు, ఎనిమిది ఓముల నిరోధం, కాస్త ముక్కుమీద కోపం. అయినా ఒక పాలిటెక్నిక్ కాలేజీ ల్యాబులో పదకొండేళ్లు ఐదు ఓముల తీగగా బతికాను. ఎలాగంటారా? నా చెక్కపెట్టె మీద అలా చీటీ అంటించి ఉంది మరి.

అసలు ఐదు ఓముల తీగ నాకంటే ముందు ఆ పెట్టెలో ఉండేదట. ఎవరో మహానుభావుడు దాన్ని తిన్నగా గోడ ప్లగ్గుకు తగిలించాడు, అది కాస్తా కాలిపోయింది. పైవాళ్లకు తెలిస్తే మాట పడాలని ల్యాబ్ అటెండరు గవరయ్య బజారుకెళ్లి కరెంటు పొయ్యి కాయిల్ ఒకటి తెచ్చి, పాత తీగంత పొడుగు తుంచి బిగించేశాడు. అదే నేను. చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నాను కాబట్టి చీటీ మార్చలేదు.

నాతో చేయించే ప్రయోగం చాలా తేలిక. నన్ను బ్యాటరీకి కలిపి, వోల్టులు ఒక మీటరులో, ఆంపియర్లు ఇంకో మీటరులో చూస్తారు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నా నిరోధం, గుణిస్తే నేను ఖర్చు చేసే విద్యుత్ సామర్థ్యం. నాలుగు వోల్టులు ఇస్తే నేను అర ఆంపియరు పోనిస్తాను. అంటే ఎనిమిది ఓములు, రెండు వాట్లు. ఇందులో దాపరికం ఏముంది చెప్పండి.

కానీ మీటరు వంక చూసేదెవరు? సీనియర్ల రికార్డులో సున్నా పాయింట్ ఎనిమిది ఆంపియర్లు, ఐదు ఓములు, మూడు పాయింట్ రెండు వాట్లు అని ఉంది. పిల్లలు అదే దించేవారు. మరిచిపోయినవాళ్లకు గవరయ్య వెనక నుంచి మెల్లగా అందించేవాడు. నేను ఒళ్లు కాల్చుకుని రెండు వాట్ల వేడి పుట్టిస్తే మూడు పాయింట్ రెండు అని రాసుకున్నారు. మిగతాది ఏ పొయ్యి మీంచి తెచ్చారో నాకిప్పటికీ తెలీదు.

అలాంటి చోటికి ధరణి వచ్చింది. మొదటి పరీక్షలో ఎనిమిది అని రాసింది, ఫెయిల్ చేశారు. రెండోసారీ ఎనిమిదే రాసింది, మళ్లీ తప్పించారు. మూడోది ఆఖరి అవకాశం. విజయనగరంలో ఒక మోటార్ల కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇచ్చి, సోమవారంలోగా పాసైన కాగితం చూపించకపోతే ఇంకొకరిని తీసుకుంటామంది. ఈ ఒక్క ప్రాక్టికలే మిగిలింది, ఆ రోజు శుక్రవారం. ఐదని రాసి పడేసి వెళ్లిపో తల్లీ అని నేనే మొక్కుకున్నాను. వినలేదు, మొండిఘటం.

పరీక్ష చేయడానికి వేరే ఊరినుంచి వచ్చిన పాణిగ్రాహి గారు ఆ ఎనిమిది చూసి కంగుతిన్నారు. ఆంపియర్ల మీటరు మార్పించారు, ఎనిమిదే వచ్చింది. వోల్టుల మీటరు మార్పించారు, ఎనిమిదే. గాలికి ముల్లు కదులుతోందేమోనని ఫ్యాను ఆపించారు. డిపార్ట్‌మెంటు పెద్ద కూర్మారావు గారు అమ్మాయి చేత గాజులు తీయించారు. పక్క బల్ల కుర్రాణ్ణి పిలిచి చూడమంటే, అర ఆంపియరు దగ్గర నిలబడ్డ ముల్లును తేరిపార చూసి, సున్నా పాయింట్ ఎనిమిది సార్ అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చివరికి పాణిగ్రాహి గారే కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని మరీ చూస్తే ఎనిమిది వచ్చింది.

కూర్మారావు గారు వేళ్లు మడిచి లెక్కపెట్టారు. ఎనిమిది నిజమైతే పదకొండు బ్యాచులు తప్పినట్టే. వాళ్లలో ఇద్దరు ఇదే కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. ఇద్దరు పెద్దమనుషులూ గుసగుసలాడుకుని తేల్చిందేమంటే తప్పు తీగదని. ఐదు ఉండవలసినది ఎనిమిది ఉంటే కోసి ఐదు చేయాలి. గవరయ్య కటింగ్ ప్లేయరు పట్టుకొచ్చాడు.

ఎంత కోయాలి? గవరయ్య జానెడు అన్నాడు. కూర్మారావు గారు బెత్తెడు చాలన్నారు. ఎక్కువ కోస్తే నాలుగైపోతుందేమోనని పాణిగ్రాహి గారి భయం. ముగ్గురూ కాసేపు నన్ను చూసి, తర్వాత ధరణిని చూశారు.

"లెక్క ఏసి సెప్తాను సార్. ముందు నా ఎనిమిదికి మార్కులు ఎయ్యండి," అంది ధరణి.

"ఎనిమిది తప్పని ఇప్పుడే అనుకున్నాం కదమ్మా," అన్నారు పాణిగ్రాహి గారు.

"తప్పయితే కొయ్యడం ఎందుకు సార్?"

పాణిగ్రాహి గారు చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండి, పాస్ మార్కులు వేసి సంతకం చేశారు. ధరణి ఆ సంతకం ఆరేదాకా ఆగింది. అప్పుడు చెప్పింది. ఎనిమిది ఓములకు నలభై సెంటీమీటర్లంటే ఓముకు ఐదు, ఐదు ఓములకు ఇరవై ఐదు, కాబట్టి పదిహేను కోయాలి. గవరయ్య స్కేలు పెట్టి పుటుక్కున కోశాడు.

ఇరవై ఐదు సెంటీమీటర్ల ముక్క పెట్టెలో ఉండిపోయింది. నేలమీద పడింది నేను. నన్ను చీపురుతో ఊడ్చేయబోతుంటే ధరణి ఏరుకుని, దులిపి, బ్యాటరీకి కలిపి కొలిచింది. ఒకటిన్నర వోల్టులు, అర ఆంపియరు. మూడు ఓములు. నాకు ఏడుపొచ్చింది, పదకొండేళ్లలో ఎవరూ నన్ను అంత శ్రద్ధగా చూడలేదు. సోమవారం పొద్దున్నే ఆమె పెన్సిల్ డబ్బాలో విజయనగరం బస్సెక్కాను.

ఇప్పుడు మోటార్ల షెడ్డులో ఆమె బల్లమీద ఉంటున్నాను. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఇదెంతని అడుగుతారు. మూడు ఓములు అంటుంది. వాళ్లు సరేనని రాసుకోబోతారు. ధరణి వాళ్ల చేతిలోంచి పెన్ను లాగేసుకుని, మీటరు పెడుతుంది.