ఆయన ఊపిరి

గుడ్డసంచిలో ముందు ఎండుచేపలు పెట్టాను. తర్వాత బాలింత పులుసులో వేసే ఉదా కాయలు, మిరియాలు, పామాయిల్ సీసా. మా అమ్మాయి ఉరెన్నా మూడోసారి కన్నది. మా ఇగ్బోల్లో కూతురు బిడ్డను కంటే, తల్లి వెళ్ళి వేడినీళ్ళు పోయాలి, కారం పులుసు కాచిపెట్టాలి. ఒముగ్వో అంటాం. దానికి వెళ్ళొద్దని ఎవరూ అనకూడదు. అయినా మొదటి రెండు కాన్పులకూ నేను వెళ్ళలేదు.

"మరి మంచం మీదున్న వీడికి ఊపిరెవరు చెప్తారే?" అంది గడపలో కూర్చున్న మా వదిన న్వకెగో, మా ఆయన అక్క.

ఉరెన్నా మొదటి కాన్పుకు ముందే నా భర్త ఒక్వుదిలి కల్లు గీయడానికి చెట్టెక్కి, తాడు తెగి పడ్డాడు. మెడ దగ్గర వెన్ను చితికింది. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే సోమాదినా ఆయన వేలికి క్లిప్పు తగిలించి తెర చూపించింది. ఊపిరి పీలిస్తే గుండె కాస్త త్వరపడాలట, వదిలితే నిదానించాలట. వెన్ను దెబ్బతిన్నాక ఆ హెచ్చుతగ్గులు తగ్గిపోతాయట. ఆయన గీతలో అలలు కనబడీ కనబడనట్టున్నాయి. "మెల్లగా, లోతుగా పీల్చమనండమ్మా. కొంత తిరిగొస్తుంది" అంది.

ఆయన ఒక్కడూ చెయ్యడు. "నువ్వు పీల్చు, చూసి నేను పీలుస్తా" అన్నాడు. అప్పట్నుంచి పొయ్యి మీద ఏముడుకుతున్నా, పిలవగానే వెళ్ళి మంచం పక్కన కూర్చుని నా రొమ్ము పైకీ కిందికీ ఆడించాలి. కాస్త వేగం పెరిగితే, "అంత తొందరేమిటే, బయట ఎవడైనా కాచుకున్నాడా?" అనేవాడు. చూడవచ్చినవాళ్ళు నవ్వేవారు. "అదృష్టవంతుడివోయ్, నీకు రెండు జతల ఊపిరితిత్తులు!"

పోయినసారి ఆసుపత్రికెళ్తే తెరమీద ఆయన అలలు పెద్దవయ్యాయి. సోమాదినా మురిసిపోయి, సరదాకి క్లిప్పు నా వేలికి పెట్టింది. నా గీతలో అలలే లేవు.

"అమ్మా, మీరెప్పుడైనా పడ్డారా?"

"లేదు."

"దానికేం, రాయి. ఇంటికి పదండి, ఆకలేస్తోంది" అన్నాడాయన.

సంచి మూతి కట్టాను.

"ఎన్నాళ్ళుంటావు?" అంది వదిన.

"బిడ్డ మెడ నిలిపేదాకా."

ఆయన పైకప్పుకేసి చూస్తూ, "ఉరెన్నా వాళ్ళమ్మా, ఒక్కసారి పీల్చి వెళ్ళు" అన్నాడు. కూర్చున్నాను. మెల్లగా పీల్చాను, మెల్లగా వదిలాను. ఆయన కళ్ళు మూసుకున్నాక లేచి, "ఇక్కడ కూర్చో వదినా" అన్నాను.

పాప మెడ నిలిపింది, నడిచింది, బడికెళ్ళింది. ఇప్పటికీ నిద్రలో నా ఊపిరి నెమ్మదిస్తే, అక్కడ ఎవరో దాన్నందుకోలేక ఆగిపోయారేమోనని ఉలిక్కిపడి లేస్తాను.

హార్మటన్ పొడి దుమ్ముగాలులు మొదలైన వారం ఆ ఇంటినుంచి బయల్దేరిన నేను మళ్ళీ తిరిగి వెళ్ళలేదు.